కొలతల చీటీ

"వైరు మార్చినా షాక్ కొడ్తాంది! ప్లగ్గు పీకు మే!"

గ్రైండరు పట్టుకుని విగ్రహం పాదాల మీదికి తల వంచిన శిల్పి మహేంద్రకు మెడ నుంచి కాళ్ళ దాకా జివ్వుమంది.

"ఇంగా పెట్టనే లేదు," భార్య నాగమణి ప్లగ్గు ఎత్తి చూపించింది.

మహేంద్ర గ్రైండరు కింద పెట్టాడు. ఖాళీ చేతులతో మెల్లగా తల వంచాడు. మళ్ళీ జివ్వుమంది.

రెండు నెలల కిందట ఎడమ కన్ను మసకబారితే, "జబ్బు కంటిది కాకపోవచ్చు, మెదడుకు స్కాన్ తీయించు," అన్నాడు నంద్యాల డాక్టరు. కన్ను దానంతటదే బాగైంది. స్కాన్ కోసం మహేంద్ర మళ్ళీ ఆళ్ళగడ్డ దాటలేదు.

"డాక్టరు చీటీ యాడ పెట్టినావ్?"

"నువ్వే గదా, దాని వెనక దేవుని కొలతలు రాసుకుంటివి."

చీటీ ఉలి కిందే ఉంది. మహేంద్ర రాతి దుమ్ము ఊది తిరగేశాడు.

చదవడానికి తల వంచాలంటే భయమేసింది.