బార్కస్ జామకాయలు

కొన్నాళ్లుగా బాలనర్సింహ పొద్దున్నే పాయిఖానాలోకి వెళ్తే ఎంతకీ బయటికి వచ్చేవాడు కాదు. ఇంటిల్లిపాదీ తొందరపడుతుంటే, భార్య ఆండాలు నిలవలేక వాకిట్లో అటూ ఇటూ తిరిగేది.

మలబద్ధకమనుకుని రోజూ బార్కస్ బస్తీ నుంచి తెచ్చిన జామకాయలు కోసి పెట్టేది.

"జర తినయ్యా. ఎర్రజామల యాంటీ ఆక్సిడెంట్లు మస్తుంటయంట. కడుపు గూడ సాఫ్ అయితదని డాక్టరమ్మ చెప్పింది."

ఒక రోజు ఆగలేక తలుపు బాదింది. అతను ఎర్రబడ్డ కళ్లతో బయటికొచ్చాడు.

"ఇయ్యాల గూడ కాలేదా?"

"కడుపు మంచిగనే ఉంది. అమ్మ పోయిన సంది ఎవ్వరికి కనబడకుండ ఏడుద్దామంటే, ఇంత మందిల గడియున్న తలుపు ఇదొక్కటే."

ఆండాలు అతన్ని గదిలోకి తీసుకెళ్లి, తలుపు దగ్గరగా వేసి, దానికి వీపు ఆనించి కూర్చుంది.

"ఏడువయ్యా. ఎవ్వరు రారు."