ఐదు మాటలు

మాటలు రావడం లేదు. ఐదింటిలో ఒక్కటంటే ఒక్కటి కూడా రావడం లేదు.

డాక్టరమ్మ కంట్లోకి దీపం వేసి చూసింది. నేలమీది గీత వెంట నడిపించింది. కళ్లు మూయించి, చూపుడువేలితో ముక్కు తాకించింది. అంతలో ఎవరో తలుపు తట్టి పిలిస్తే, "ఇప్పుడే వస్తాను, కూర్చోండి" అని వెళ్లింది. వచ్చిన ప్రతిసారీ ఇదే తంతు. ముందు ఐదు మాటలు చెబుతుంది, ఆ తర్వాత ఈ పరీక్షలు చేస్తుంది, చివర ఆ మాటలు అప్పజెప్పమంటుంది. అప్పజెబితే తలకు తగిలిన దెబ్బ నయమైనట్టు. క్రేను క్యాబిన్ మళ్లీ తనదైనట్టు.

ఆమె ఎత్తయిన క్రేను నడుపుతుంది. సైటులో అందరికీ ఆమె పైనక్క. నిచ్చెన దిగుతూ జారి ఇనుపకమ్మీకి తల కొట్టుకున్న నాటినుంచి కిందనే ఉంది.

తలుపు సందులోంచి చెల్లెలు తొంగిచూసింది.

"అయిపోయిందా అక్కా?"

"రావట్లేదే."

"ఏవి?"

"మాటలు."

చెల్లెలు చల్లగా లోపలికి జారి, డాక్టరమ్మ కుర్చీలోనే దర్జాగా కూర్చుంది.

"కంగారుపడకు. పోయినసారివి చెప్పు చూద్దాం."

"తాడు, గొడుగు, నిమ్మకాయ, వంతెన, అద్దం."

"అంతకుముందువి?"

"పావురం, చీపురు, గంట, ఉప్పు, మంచం."

"అబ్బో! పొద్దున ఏం తిన్నానో నాకే గుర్తుండి చావదు. ఇన్ని దాచుకున్నదానివి ఇవాళ్టివి ఎక్కడ పారేసుకున్నావక్కా?"

"అవి ఇంటికెళ్లాక పడుకోకుండా వల్లెవేసినవే. వల్లెవేసింది లెక్కలోకి రాదు. ఇక్కడ విన్నది ఇక్కడే నిలవాలి."

"పడుకోకుండా వల్లెవేస్తే తల నొప్పెట్టక పాట పాడుతుందా? దెబ్బ మానింది, నీ భయమే మానట్లేదని ఆవిడ మొత్తుకుంటూనే ఉంది."

"నువ్వు బయటే ఉన్నావు కదా. నీకేమన్నా వినపడ్డాయా?"

"తలుపేసి ఉంటే ఏం వినపడుతుంది, నా మొహం!"

ఆమె కళ్లు మూసుకుని వెతికింది. చెయ్యి పెట్టిన చోటల్లా ఖాళీ. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ఎదుట గోడ తెల్లగా ఉంది. లోపలా అంతే తెల్లగా ఉంది.

ఒళ్లో ఫోను మోగింది. సూపర్‌వైజరు.

"పైనక్కా, ఏమన్నారు? దూలం కొక్కేనికి తగిలించి పెట్టాం. కొత్తాయన నిచ్చెన దగ్గరే నిలబడ్డాడు. వస్తున్నానను, ఆపేస్తా. ఆయన ఎక్కితే మాత్రం ఈ కట్టడం పూర్తయ్యేదాకా ఆయనే. తర్వాత నన్ననుకోవద్దు."

చెల్లెలు కుర్చీలోంచి లేచి, ఆగమను, ఆగమను అని రెండు చేతులూ ఊపింది.

ఆమెకు చెల్లెలు కనిపించలేదు. గాలిలో మెల్లగా తిరిగే దూలం కనిపించింది, దాని నీడలో నిలబడ్డ మనుషులు కనిపించారు. కిందినుంచి వాకీటాకీలో 'ఆపు' అంటారు. ఆ మాట చెవినుంచి చేతికి చేరేలోపు ఇలాగే మాయమైతే?

"ఎక్కించండి" అంది.

"ఆలోచించుకునే అంటున్నావా?"

"ఆలోచించే తలే ఉంటే ఈ మాట ఎందుకంటాను? ఎక్కించండి."

అవతల ఎవరో ఎవరినో కేకేశారు. ఇనుపమెట్ల మీద బూట్లు టకటకమంటూ పైకి పోయాయి. చప్పుడు సన్నబడి, సన్నబడి, వినిపించకుండా పోయేదాకా విని, ఆమె ఫోను పెట్టేసింది.

"ఎంత పని చేశావక్కా! ఎవరూ దించకుండానే దిగిపోయావు."

"నలుగురిని పైకి పంపడం కన్నా, నేనొక్కదాన్ని కింద ఉండటం నయం కదే."

బస్సు తప్పిపోయిందని చెప్పినట్టు చెప్పింది.

నడవలో చెప్పుల చప్పుడైంది. చెల్లెలు గభాలున కుర్చీ వదిలి గోడవారకు తప్పుకుంది. డాక్టరమ్మ నవ్వుతూ వచ్చి కూర్చుంది.

"ఆలస్యమైంది, ఏమనుకోకండి. చూపు బాగుంది, నడక బాగుంది. మాటలు మోసుకుంటూ తిరగడం మీకు కంగారని ఇవాళ వాటిని చివరికి ఉంచాను. ఇప్పుడు చెబుతాను, వినండి."