మందు తినే మట్టి

“రెండుసార్లు. మహా అయితే మూడు,” అన్నాడు కోటేష్, భవ్య మొహంలోకి చూడకుండా.

“మిరపకి మూడుసార్లేనా అన్నయ్యా మందు కొట్టేది?”

“మాది దేవుడు చల్లగా చూసిన చేను చెల్లెమ్మా.”

పాలకేంద్రం అరుగు మీద కూర్చున్న రైతులెవరూ నవ్వలేదు. నవ్వితే తర్వాత తమనే అడుగుతుందని భయం. పురుగుమందుల సంగతి అడగడానికి ఎవరొచ్చినా ఆ ఊళ్లో చెప్పేది ఒకటే మాట. అద్దంకి నుంచి కాయ కొనేవాడు వచ్చినా రెండుసార్లే, ఆఫీసరు వచ్చినా రెండుసార్లే.

భవ్య ఆ ఊరి కోడలు. ఊరి బయట పురుగుమందులు తయారుచేసే ఫ్యాక్టరీలో మురుగునీరు శుద్ధి చేసే ఉద్యోగం. ఎంత శుద్ధి చేసినా ఆ నీళ్లలో మందు పూర్తిగా పోవడం లేదు. అది వాగులో కలుస్తోంది. వాగు పక్కనే ఊరి మంచినీళ్ల బావి. మొదటిసారి భవ్యకు కడుపు నిలవలేదు. ఆ నీళ్ల వల్లేనని డాక్టరు అనలేదు గానీ, ఆమె మనసు మాత్రం ఆ మాటే అంటూ ఉంది. ఇప్పుడు మళ్లీ ఏడో నెల. ఈ బిడ్డ ఒంట్లోకి చుక్క విషం కూడా వెళ్లకూడదన్నదే ఆమె పట్టుదల.

“నేను తప్పు పట్టడానికి రాలేదు,” అంది భవ్య. “ఫ్యాక్టరీలో తయారయ్యే మందే మీరూ కొడతారు. అది ఏళ్ల తరబడి పడ్డ నేలలో, దాన్నే తిని బతికే బ్యాక్టీరియా తయారవుతుంది. ఎంత ఎక్కువ పడితే అంత గట్టిది. మందు పడని నేలలో భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. వడ్డించే ఇంటికేగా చుట్టాలు చేరేది. ఆ మట్టి దొరికితే బ్యాక్టీరియాని పెంచి ఫ్యాక్టరీ తొట్లలో వదులుతాను. వాగు బాగుపడుతుంది.”



“అట్టయితే నా మట్టి తీసుకో,” అన్నాడు కోటేష్. “వారానికోసారి కొడతా.”

“ఒరేయ్, ఇందాక మూడన్నావు కదరా,” అన్నాడు సిలార్. “అమ్మా, వీడి మాట నమ్మబాక. ఊళ్లో అందరికంటే ఎక్కువ కొట్టేది నేను. నా చేలో మిడత వాలితే మళ్లీ లేవదు.”

ఇక పోటీ మొదలైంది. నిన్నటిదాకా దాచుకున్నవాళ్లంతా ఇవాళ ఒకరిని మించి ఒకరు గొప్పలు చెప్పుకున్నారు. మనిషి నైజం అంతే, మెచ్చుకునేవాళ్లుంటే తప్పు కూడా తలపాగా చుట్టుకుంటుంది.

బుల్లయ్య ఒక్కడే మాట్లాడలేదు. మందు ముట్టని రైతుగా చుట్టుపక్కల ఆయనకు పేరు. ఆయన కూరగాయల కోసం ఒంగోలు నుంచి కార్లలో వస్తారు. కోడలికి నెల తప్పిందని తెలిసినప్పటి నుంచీ భవ్య అత్తగారు సుబ్బరావమ్మ ఆయన చేలో కూర తప్ప ఇంకోటి వండలేదు.

“మావయ్యా, మీరూ గుప్పెడు మట్టి ఇవ్వండి,” అంది భవ్య.

“నాదెందుకమ్మాయ్? నీకు పనికిరాదు.”

“మందు పడని మట్టి ఒకటి పక్కనుంటేనే మిగతావాటి సత్తా తెలుస్తుంది మావయ్యా.”

“చూద్దాంలే,” అని బుల్లయ్య కండువా దులుపుకుని లేచాడు.

మిగతావాళ్లంతా ఇచ్చినా ఆయన ఎంతకీ మట్టి తేలేదు. పెద్దమనిషి, పనుల్లో మర్చిపోయి ఉంటాడనుకుంది భవ్య. చివరికి గోంగూర కోసం వెళ్లిన సుబ్బరావమ్మే ఆయన చేలో గుప్పెడు మట్టి తీసుకొచ్చి ఇచ్చింది.

భవ్య ల్యాబులో సీసాల నిండా ఫ్యాక్టరీ మురుగునీరు పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో రైతు మట్టి వేసింది. తన మనసు ఎటూ మొగ్గకూడదని పేర్లు సీసాల అడుగున అంటించింది. కోటేష్ రోజూ ఫోన్ చేసేవాడు.

“గెలిచింది నాదేనా చెల్లెమ్మా?”

“ఇంకా ఎవరూ గెలవలేదన్నయ్యా.”

వారాలు గడిచాయి. కొన్ని సీసాల్లో మందు కొంచెం తగ్గింది. కొన్నింటిలో అదీ లేదు. భవ్యకు దిగులు పట్టుకుంది. కాన్పు దగ్గర పడుతోంది, వాగు అలాగే ఉంది.

ఆ మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి మళ్లీ పరీక్ష పెట్టింది. ఒక సీసాలో మందు లేదు. నమ్మలేక ఇంకోసారి చూసింది. నిజంగానే లేదు. అంత విషాన్నీ ఆ మట్టిలో బ్యాక్టీరియా తినేసింది. భవ్యకు ఏడుపొచ్చింది. పొట్ట మీద చెయ్యి వేసుకుని, “ఇంక నీకేం భయం లేదురా,” అంది. వెంటనే ఇంటికి ఫోన్ చేసింది.

“దొరికిందత్తయ్యా. ఇలాంటి బ్యాక్టీరియాని నేనెక్కడా చూడలేదు.”

“నా తల్లే. ముందు అన్నం తిన్నావా? బుల్లయ్య చేలో లేత బెండకాయలు వేపి పెట్టాను.”

“క్యారేజీ మొత్తం ఖాళీ చేశాను.”

“ఇంతకీ ఎవరి మట్టే అది? కోటేషుదా, సిలారుదా?”

“ఉండండి, చూసి చెబుతా.”

భవ్య నవ్వుతూ సీసా పైకెత్తి అడుగున చూసింది.

అది బుల్లయ్యది.