మచ్చలు మాయం చేసే సెట్టింగ్

భావన బాల్కనీలో తన ఫొటో తానే తీసుకోబోతుంటే భర్త రఘువీర్ వచ్చి కెమెరా లాక్కున్నాడు.

“మళ్ళీ ఆటో మోడ్‌లోనేనా? పెళ్ళిరోజు ఫొటో కూడా ఇలాగే తగలేస్తావా? ఎంటెక్ ఎవడిచ్చాడే నీకు!”

గురుగ్రామ్ ఆఫీసులో కొత్తవాళ్ళను చిన్నబుచ్చే గొంతుతోనే, మెనూ తెరిచి పాఠం మొదలుపెట్టాడు.

“ఇది వైట్ బ్యాలెన్స్. రంగులు సరిచేస్తుంది. ఇది స్కిన్ స్మూతింగ్. మొహం మీద మచ్చలన్నీ మాయం చేస్తుంది. ఫుల్‌గా పెడుతున్నా. బుర్రకెక్కిందా?”

“ఎక్కిందండీ.”

టైమర్ పెట్టి ఇద్దరికీ ఫొటో తీశాడు. అందులో ఆమె చెంపలు నున్నగా మెరిశాయి.

“చూశావా? మీ నాన్నకి పంపు, మురిసిపోతాడు,” అంటూ స్నానానికి వెళ్ళాడు.

భావన స్మూతింగ్ ఆఫ్ చేసి తన ఫొటో తీసుకుంది. నిన్న అతను కొట్టిన చెంప మీద నాలుగు వేళ్ళూ స్పష్టంగా పడ్డాయి. దాన్ని ఫోన్లోకి తెచ్చుకుని, దెబ్బ కనబడేలా ఫొటో కావాలన్న లాయరు మేడమ్‌కు పంపింది.

“ఇది చాలమ్మా. బయల్దేరి వచ్చేయండి,” అని జవాబొచ్చింది.

టవల్ ఇవ్వమని బాత్రూంలోంచి రఘువీర్ అరుస్తున్నాడు. ఇలాంటివాడికా ఇన్నాళ్ళూ భయపడ్డాను అనుకుంటే ఆమెకు రోత పుట్టింది. కెమెరా మెడలో వేసుకుని లిఫ్ట్ వైపు నడిచింది.