ఏడో నంబరు ఫోటో

పూలకొట్టులో కత్తెర కనబడటం లేదు.

కొట్టావిడ బకెట్లు జరిపింది, రిబ్బన్ల పెట్టె బోర్లించింది, చివరికి మరిది మీద పడింది.

"నువ్వే ఎక్కడో పారేసుంటావ్."

"నాకెందుకొదినా కత్తెర? నేను బండి తోలేవాణ్ణి."

"మీ ఏప్రన్ జేబులోనే ఉందమ్మా," అంది గుమ్మంలోంచి ఎవరో.

నిజంగానే ఉంది.

"చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికిందట వెనకటికెవరో," అన్నాడు మరిది. వదిన చూసిన చూపుకి, స్కూటరు తుడిచే పని గుర్తొచ్చి బయటికి పోయాడు.

గుమ్మంలో ఉన్నావిడకి అరవై దాటి ఉంటాయి. భుజాన గుడ్డసంచీ.

"పనేమైనా ఉందామ్మా? బొకేలు కడతాను."

పని ఉంది. అదీ వెంటనే. కొన్నేళ్లుగా జనం కొట్టుకొచ్చి పూలు కొనటం మానేసి, బొకేలు ఇంటికి పంపే కంపెనీకి ఫోన్ చేస్తున్నారు. ఆ కంపెనీకి ఒక్క పూలకుండీ కూడా లేదు. ఉన్నవల్లా ఫోన్లూ, ఒక కేటలాగూ. ఆర్డరు పట్టి, తన వాటా ఉంచుకుని, మిగిలింది ఏ చిన్న కొట్టుకో తోసేస్తుంది. బొకే మాత్రం ఫోటోలో ఉన్నట్టే ఉండాలి. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే మరి.

ఈ కొట్టు మీద ఇప్పటికే రెండు ఫిర్యాదులున్నాయి. మూడోది పడితే జాబితాలోంచి పేరు తీసేస్తారు. ఆర్డర్లన్నీ కూడలిలో ఉన్న పెద్ద షాపుకి పోతాయి. ఇక్కడ తాళం వేసుకోవటమే.

"ఇదిగో, ఏడో నంబరు. ఇలా కట్టగలరా?"

గోడకి అంటించిన కేటలాగు ఫోటోలో గులాబీలు పొంగిపోతున్నాయి. అడుగున పూలు లేవు గనక, ఏళ్లకిందటే కొట్టావిడ అక్కడ కంపెనీ ఫోన్ నంబరు చీటీ అతికించుకుంది.

పెద్దావిడ ఆ ఫోటోని చాలాసేపు చూసింది.

"ఇది నాకు తెలుసమ్మా."

"ఎవరికి తెలీదు? ఊరంతా పంచారు."

"చీటీ అక్కడెందుకు అతికించారు?"

"అక్కడ పూలేం లేవుగా."

"అవున్లెండి, పూలు లేవు. ఎన్నిటితో కట్టమంటారు?"

"కంపెనీ ఇచ్చేదానికి పన్నెండే వస్తాయి."

"పన్నెండుతో ఇది రాదమ్మా. ఇందులో నలభై ఉన్నాయి. అన్నీ ముందుకే తోశారు. వెనకవైపు ఉత్త కాగితాలు కుక్కి ఉంటాయి."

"చోద్యం! ఫోటోకి వెనకవైపు మీరెప్పుడు చూశారు?"

ఆవిడ ఏదో చెప్పబోయి ఆగింది.

"చెబితే నమ్మరు లెండి," అని సంచీలోంచి చిన్న చాకు తీసి పనిలో పడింది.

కాడలు ఒకదానిమీదొకటి ఏటవాలుగా పేరుస్తోంది. కొట్టావిడ చూపు మాత్రం పూలమీద లేదు, ఆవిడ ఎడమ చేతిమీద ఉంది. చిటికెన వేలు ముడుచుకోవటం లేదు.

"ఆ వేలికేమైంది?"

"చిన్నప్పుడు తలుపులో పడి నలిగింది."

"మరి కాడలు పట్టుకునేటప్పుడు?"

"అది పక్కకి తప్పుకుంటుంది. మిగతావి పనిచేసుకుంటాయి."

బొకే తయారైంది. ఏ పువ్వుకాపువ్వు విడిగా కనబడుతోంది. ఎటునుంచి చూసినా ముందువైపే.

బాగుంది. కానీ ఫోటోలా లేదు.

"కంపెనీకి బాగుండక్కర్లేదండీ, ఫోటోలా ఉండాలి. దానికితోడు మీకా వేలొకటి. ఏమీ అనుకోకండి."

"అనుకోటానికేముందమ్మా." ఆవిడ కాగితమ్ముక్క మీద ఫోన్ నంబరు రాసి కత్తెర కింద పెట్టింది. "అవసరమైతే పిలవండి."

వెళ్లిపోయింది.

ఆ బొకే విప్పటానికి కొట్టావిడకి చేతులు రాలేదు. బకెట్లో పెట్టింది. పది నిమిషాల్లో దారినపోయే ఒకాయన బేరం కూడా ఆడకుండా కొనేశాడు.

"ఎవరు కట్టారండీ?"

"మేమే," అంది కొట్టావిడ, తడుముకోకుండా.

కంపెనీ ఆర్డరు తనే కట్టింది. పన్నెండు గులాబీలూ ముందుకి తోసి వెనకంతా ఆకు కుక్కింది. తడి కాడలు తుడవటానికి చేతికందిన కాగితమ్ముక్క వాడి చెత్తబుట్టలో పడేసింది. మరిది బొకే పట్టుకుని బయల్దేరాడు.

నాలుగో రోజున కంపెనీ నుంచి ఫోన్.

"బొకే వెనకవైపు పూలే లేవని ఫిర్యాదండీ. ఇది మూడోది. మీ పేరు తీసేశాం." గొంతు మాత్రం ఎంతో మర్యాదగా ఉంది.

ఆ సాయంత్రమే ఆ దారినపోయే ఆయన మళ్లీ వచ్చాడు.

"మా ఆఫీసుకి రోజూ ఒకటి కావాలండీ. అచ్చం మొన్నటిలాంటిదే."

కొట్టావిడకి ప్రాణం లేచొచ్చింది. గబగబా ఒకటి కట్టి ఇచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఆ చెయ్యి కాదండీ," అని బల్లమీద పెట్టేసి వెళ్లిపోయాడు.

అప్పుడు పెద్దావిడ నంబరు కోసం కత్తెర ఎత్తి చూసింది. కింద ఏమీ లేదు.

"ఆవిడ ఎక్కడుంటుందో ఏమైనా చెప్పిందా?" అని మరిదిని అడిగింది.

"నువ్వే అడగలేదు కదొదినా!"

అవును, అడగలేదు. ఆ వేలి సంగతి మాత్రం అడిగింది. సిగ్గనిపించింది. సిగ్గులోంచి కోపమొచ్చింది. ఆ కోపం ఎవరిమీద చూపించాలో తెలీక గోడమీదికి పోయింది.

"అంతా ఈ దరిద్రపు ఫోటో వల్లే!"

గోళ్లతో గీకుతుంటే ముందుగా చీటీ ఊడొచ్చింది.

దాని కింద, ఇన్నేళ్లుగా నలభై కాడల్నీ గుప్పిట్లో పట్టుకుని ఒక ఎడమ చెయ్యి ఉంది, చిటికెన వేలు మాత్రం ముడుచుకోకుండా పక్కకి తప్పుకుని.