రాణి నిలబడే చోటు

నాటకం రిహార్సలు అయ్యేసరికి చీకటి పడింది. సెక్టర్ 4 బడి హాల్లో పిల్లలెవరూ లేరు. పక్కనున్న మరోదా బస్తీ నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ మధుబాబు నిచ్చెన మీదుండి, రాణి నిలబడే చోటికి లైటు తిప్పుతున్నాడు. రజనీకుమారి టీచరు హాలు చివర కుర్చీలు సర్దుతోంది. కిందటేడు రాణి వేషం వేసింది ఆమె కూతురు అమ్ము. ఆ చలికాలమే జ్వరంతో పోయింది. ఈసారి వేషం చాందినిది.

"కొంచెం ఇటు జరగమ్మా. బస్, బస్, అక్కడే," అన్నాడు మధుబాబు.

టీచరు తలెత్తింది. స్టేజి మీద ఎవరూ లేరు. వెలుగు మాత్రం బాగా కిందికి పడుతోంది.

"చాందిని పొడుగు కదా బాబూ. లైటు ఇంకా పైకుండాలి."

"చాందినిని వాళ్ల భయ్యా ఎప్పుడో తీసుకెళ్లిపోనాడు మేడం. మనిషి నిలబడకపోతే ముఖానికి లైటెలా కుదురుతాది? అందుకే ఈ పాపని నిలబెట్టేను."

"ఏ పాప?"

"ఇదేటి మేడం, ఎదురుగా ఉంది కదా! రాణి మాటలన్నీ గడగడా అప్పచెప్పేస్తంది."

టీచరుకు ఒక్క మాటా వినబడలేదు.

"నాకెందుకు కనబడదో అడుగు నాయనా," అంది చివరికి.

మధుబాబు నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. స్టేజి వైపు తిరిగి అడిగాడు. తర్వాత అతని చూపు మెల్లగా స్టేజి మెట్లు దిగింది. కుర్చీల మధ్య నుంచి వచ్చి, టీచరు పక్కన ఆగింది.

రజనీకుమారి పక్కకు చూడలేదు. చేయి మాత్రం చాపింది.