వెనక ఎర్ర టార్చి

నర్సీపట్నం దాటాక రోడ్డు పక్కన కొత్తగా బోర్డు పెట్టారు: "వెనుక లైట్లు లేని ట్రాక్టర్లు రాత్రిపూట నడపరాదు." నిరుడు కొండబాబు చెరకు ట్రాక్టర్ని లారీ గుద్దింది అక్కడే. లోడు చివర ఎర్ర టార్చి పట్టుకుని కూర్చున్న తమ్ముడు నూకరాజు అక్కడికక్కడే పోయాడు.

ఈ ఏడూ లైటు పెట్టించలేదు. ఇవాళ కొండబాబు ఒక్కడే వస్తున్నాడు. బోర్డు దగ్గర కానిస్టేబుల్ ఆపి, వెనక్కెళ్లి చూసొచ్చాడు.

"లైటు లేకపోయినా మీవోడు టార్చి బాగానే పట్టుకున్నాడు. ఎల్లు. కాళ్లు మాత్రం పైకెట్టుకోమని సెప్పు, ఏలాడేసుకున్నాడు."

"సెప్తానండి" అన్నాడు కొండబాబు.

కాస్త దూరం పోయాక ఇంజను ఆపాడు. కీచురాళ్లు కూడా అరవడం లేదు. వెనక్కి తిరక్కుండానే అన్నాడు: "కాళ్లు పైకెట్టుకోరా, నూకరాజూ."

లోడు చివర, ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు, చెరకు ఆకులు మెల్లగా గరగరమన్నాయి.